వేడి పలకలు

హాస్పిటల్ లాండ్రీలో పదహారేళ్ళుగా
దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న చేతులివి.
ఏ ఇనుము ఎంత కాలిందో
ముట్టకుండానే చెప్పేస్తాయి.
ఆ సంగతి తెలియక
దుకాణంలో కుర్రాడు నాకు వేడి గురించి పాఠం చెబుతున్నాడు.

జెనోవాలో నవంబరు వాన.
నా గొడుగు కొస నుంచి కారిన నీళ్ళు
తుడిచిన నేల మీద మడుగు కడుతున్నాయి.
అరల్లో తొమ్మిది పానినీ ప్రెస్సులు
నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.

ఫియమ్మా నా కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడింది.
పదకొండేళ్ళు.
మా మాటలో ఆ పేరుకి జ్వాల అని అర్థం.
పేరు పెట్టింది వాళ్ళ నాన్న.
పొయ్యి వెలిగించొద్దని చెప్పింది నేను.
ఆ రెంటి మధ్యా
రోజూ రాత్రి చల్లటి రొట్టె, చల్లటి చీజు,
పళ్ళెం పక్కన నేను రాసిపెట్టి పోయే చీటీ.
ఆకలి రుచెరగదంటారు గానీ
పదకొండేళ్ళ ఆకలి బాగానే ఎరుగును.
"ఈ రోజు కూడా చీజు సాగలేదు" అని
చీటీ వెనక రాసిపెట్టింది ఓసారి,
వానొచ్చిందని చెప్పినట్టు.

కింది అంతస్తు బాచిగాలుపో గారి సలహా:
పెనం మీద రొట్టె, రొట్టె మీద ఇటుక, దండగ ఖర్చెందుకు?
ఇటుకకి పొయ్యి కావాలి కదండీ అన్నాను.
ఆయన కుక్క నా వైపు జాలిగా చూసింది.

కుర్రాడు గీతల పలకల్ని మెచ్చుకున్నాడు.
రొట్టె మీద చారలు పడితే హోటల్లో తిన్నట్టుంటుందట.
ఆ గాడుల్లో మాడిన చీజుని పుల్లతో గీకేది ఎవరు?
పలకలు ఊడొస్తాయా?
పిడి కాలుతుందా? తీగ పొడవెంత?
అన్నిటికీ ఒకటే జవాబు,
వారంటీ రెండేళ్ళు.

అప్పుడు ఫియమ్మా బడిసంచి విప్పి
లెక్కల పుస్తకం కింద నుంచి
పొద్దుటి ఫోకాచ్చా ముక్క తీసింది.

మొదటి ప్రెస్సుకి కీలు బిగుసుకుపోయి ఉంది.
అడకత్తెరలో పోకచెక్కలా
వెనక సగం చితికింది, ముందు సగానికి ఏమీ కాలేదు.
రెండోదాని మూత మరీ తేలిక,
మర్యాదకి కుర్చీ అంచున కూర్చున్న చుట్టంలా.
మూడోదాని కీలు తనంతట తనే పైకి జరిగింది.
ముక్క మందం చూసుకుని
చదునుగా వాలింది,
నిద్రపోయే పిల్ల మీద దుప్పటి కప్పినట్టు.
పలకలు కూడా ఊడొచ్చేవే, గీతల్లేనివి.

"ఇది" అన్నాను.
"ఇదే" అంది.
కుర్రాడు రొట్టె పొడిని అరచేత్తో ఊడ్చుకున్నాడు.

ఎనభై తొమ్మిది యూరోలు.
నా కొత్త బూట్లు జనవరికి జరిగాయి.

ఇంటికొచ్చి నేర్పాను:
ఆకుపచ్చ దీపం వెలిగేదాకా ఆగు.
పిడి తప్ప ఇంకేదీ ముట్టకు.
చీజుని అంచుదాకా తోయకు.
మూతని నొక్కకు, దాని బరువు చాలు దానికి.
నా ముంజేతి మీది పాత మచ్చ చూపించి
ఏ యంత్రం పెట్టిన ముద్రో చెప్పాను.
చాలాసేపు వేలితో తడుముతూ ఉండిపోయింది.

ఒక్కటి చెప్పడం మర్చిపోయాను.
వాషింగ్ మెషీన్ తిరుగుతుండగా ఇది పెడితే
మా మీటరు ఓర్చుకోదు.

రాత్రి తొమ్మిదిన్నరకి లాండ్రీలో ఫోన్.
ఆవిరి హోరులో సగమే వినపడింది.
ఇల్లంతా చీకటైపోయిందట,
టార్చి పట్టుకుని మూడంతస్తులూ తనే దిగిందట,
కుక్క మొరిగిందట,
పెట్టె తెరిచి మీట పైకి లేపిందట.
"భయమేసిందా?"
"ఆగమ్మా, నోట్లో ఉంది."

కరకరమని ఒక్కసారి.
ఆ తర్వాత
చీజు సాగినంతసేపు నిశ్శబ్దం.

నా వెనక రోలర్లలోకి దుప్పటి వంకరగా పోతోంది.
నివెస్ నా పేరు పెట్టి అరుస్తోంది.
పోనిచ్చాను.