రెండో గీత

మంగళవారం. చిత్తూరు జైలు ఆస్పత్రి గదిలో
ఫ్యాన్ తిరగడం లేదు.
పాత పేపరు మీద వరసగా తెల్ల పట్టీలు.
ల్యాబు దేశమ్మ నా వేలు పట్టుకుంది.
గ్లవ్స్ వేసుకునే, కానీ పట్టుకుంది.

"మళ్లీ ఏం పరీక్ష మేడం?
నాకుండేది ఉండనే ఉండాది గదా,
రుయా నుంచి నెలనెలా డబ్బా వస్తానే ఉండాది."
"అది వేరే. ఇది కాలేయానికి పట్టేది.
ఆ పచ్చబొట్టు యాడ పొడిపించుకున్నావు?"

మోచేతి కింద గంగమ్మ పేరు.
మూడో బ్యారక్‌లో చెంగల్రాయుడు పొడిచినాడు,
సైకిల్ కమ్మీ అరగదీసి, మసిలో షాంపూ కలిపి.
అదే కమ్మీతో నాకు ముందు ఎర్రచందనం కేసు అన్నామలై,
అన్నామలైకి ముందు ఎవురో.
కడిగినాం మేడం. నీళ్లతో కడిగినాం.

వాయిదా రోజు జడ్జి పెన్ను చూసినట్టు
పట్టీనే చూస్తా కూర్చున్నా.
వచ్చింది రెండో గీత,
గోటితో గీకినంత సన్నంగా.

"ఇంకోసారి రక్తం తీయాల, తిరుపతికి పంపాల.
ఉందని తేలితే మాత్రలు, ఎనభైనాలుగు రోజులు."
"తర్వాత?"
"పోతాది."
"తగ్గతాదా?"
"పోతాది అంటాండా గదా. శానామందికి పోతాది."

కేసు పోలా. ఊర్లో పడిన పేరు పోలా.
ఒంట్లో ఉండే మొదటిది నాతోనే కాలేది.
పోయేది కూడా ఒకటుందని
ఇన్నేళ్లలో ఎవురూ చెప్పలా.

బ్యారక్‌కు వచ్చి అన్నామలైని లేపినా.
వాడికి తెలుగు సగమే తెలుసు.
వేలు చూపించినా, దూది ఇంకా అంటుకునే ఉండాది.
"వచ్చే మంగళవారం నువ్వూ రా.
ముందు లెయ్,
ఆ కమ్మీ ఇప్పుడు ఎవురికాడ ఉందో కనుక్కోవాల."