చెవి బేరం

నాలుగో కెమెరా కొనమంటడు
హైదరాబాద్ నుంచి వచ్చిన ఏజెంటు.
కల్వకుర్తిల మా షట్టర్ ముందు
డబ్బా విప్పి, థర్మకోల్ ఊడదీసి
లెన్సును పుచ్చకాయ లెక్క
గోటితోని కొట్టి చూపిస్తడు.
చీకట్ల గూడ చూస్తదట.
వైర్ లేకుంటనే, గాలిల పోతదట బొమ్మ.

గాలి సంగతి నాకు తెల్వదా.
వెల్దండ పెండ్లిల, జనం ఫోన్లన్నీ ఒక్కసారి లేవంగనే
బరాత్ గుర్రం తెర మీద ఆగిందాగినట్టే,
పెండ్లికొడుకు సగం నవ్వు మీద.
అప్పటి సంది వైరే.
నూరు మీటర్ల చుట్ట,
భుజం ఒరుసుకపోయినా సరే.

ఇగ కండ్లంటవా, మూడున్నయి.
మొన్న ఆమనగల్లు కబడ్డీ ఫైనల్ల
మూడో కెమెరా మీద కురుమయ్య.
ఆఖరి కూతకు పోయిన పిలగాని చెయ్యి
నడిగీత మీద వేలెడంత ఆనింది.
వానికొక్కనికే కనవడ్డది.
"అక్కా, మూడు! మూడు!" మొత్తుకున్నడు.
మైకుల రొదల నాకు ఇనవడలె.
నా వేలు రెండో మీట మీదనే ఉంది,
తెర నిండ రెఫరీ వీపు.

లైవ్‌ల మల్ల తీసుడు ఉండదు.
ఊరంత నన్ను అడిగింది.
కురుమయ్య అడగలె.
గొంతు పోయి, వైర్లు చుట్టుకుంట కూసున్నడు.

అందుకే అన్నా,
ఆ కన్ను డబ్బల పెట్టు.
చెవికి తొడుక్కునేటివి ఉన్నయా, నాలుగు,
మాట అటూ ఇటూ పోయేటివి?
సెకండ్ హాండైనా మంచిదే.

పొద్దుగూకినంక పెట్టి చూసినం.
కురుమయ్య రోడ్డు దాటి
బస్టాండు దాక పోయిండు.
మొదలు గరగర.
తర్వాత వాడు పల్లీలు నమిలే చప్పుడు.
"ఇనవడ్తున్నదా అక్కా?"
మెల్లగనే అడిగిండు.