తొమ్మిదిన్నర

జడ్చర్ల కట్టెకోత మిషన్ల పెంటాచారికి
వేళ్ల లెక్క తొమ్మిదిన్నరకే ఆగుతది.

పట్నంకెళ్లి వచ్చిన సేల్స్ పిలగాడు
కోడికాలు తెచ్చి తిరిగే రంపానికి ఆనించిండు.
టప్పుమని ఆగింది చక్రం.
తోలు మీద సన్నటి గీత, అంతే.

"పచ్చి తుమ్మ కోస్తే?"
"తడికి గూడ ఆగుతది తాతా.
ఆగినప్పుడల్లా బ్రేకు కొత్తదెయ్యాలె."
"ఎంత?"
చెప్పిండు.
రెండు దర్వాజల కూలి.

మాకు మూత ఉండె,
గీత కనవడదని మేమే పీకి సజ్జ మీద పడేసినం.
తోపుడుకట్టె వేపది, పెంటాచారే చెక్కిండు,
తొందర్ల చేతికందదు.

పొద్దుగూకినంక చూస్తే
సజ్జకు నిచ్చెనేసి, మూత దించి
పొట్టు ఊదుతున్నడు.

రేపు మొగులయ్య కొడుకు పనికొస్తడట.
వానికింక పది ఉన్నయి.