మూడుసార్లు తొక్కితే

నాలుగు వేల కిలోమీటర్లు గూడ తిరగలే,
అప్పుడే ఆయిల్ మార్చుమంటదేంది లింబాద్రీ,
అని హుమైద్ తెర మీద గోరుతో కొట్టిండు.
పెండ్లికొడుకు లెక్క నిండ పసుపు పూసుకున్న బండి.
తెర మీద ఎనిమిది శాతం.
షార్జా, ఇండస్ట్రియల్ పది, ఆగస్టు.
షట్టరు పట్టుకుంటే చెయ్యి అంటుకుంటది.

నాకొచ్చిన అరబ్బీల, ఆయనకొచ్చిన హిందీల చెప్పిన:
ఇది దూరం లెక్కవెట్టది సార్.
నూనెను గూడ సూడది.
నల్లగైందా, చిక్కగైందా, దీనికేం ఎరుక?
నాలిక లేదు, ముక్కు లేదు.
చుట్లు లెక్కవెడ్తది.
ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది,
తిరిగినప్పుడు నూనె ఎంత కాగింది, గంతే.
మొదలే దీని చేతిల ఓ పెద్ద అంకె వెడ్తరు,
గుమ్మిల పోసిన మక్కలనుకో.
(గుమ్మి అంటే ఆయనకేం తెలుసు,
ఖర్జూరం బస్తా అన్న.)
చుట్టుకొక గింజ తీసేస్తది.
నూనె మస్తు కాగితే అదే చుట్టుకు రెండు, మూడు.
కాగక ముందే బండి ఆపితివా, అప్పుడు గూడ ఎక్కువే,
లోపటి చెమట ఆరది గద.
ఏడాది గడిస్తే, గింజలు మిగిలినా సరే,
బస్తా ఖాళీ అంటది.

నువ్వు షీషా హోటల్ ముందల ఏసీ వెట్టుకొని
రాత్రి రెండు దాక కూసుంటవు,
చక్రం కదలకున్నా ఇంజన్ తిరుగుతనే ఉంటది.
మొన్న జైస్ కొండ ఎక్కితివి,
దోస్తును దాటాలని ఎర్ర గీత దాక గుంజితివి.
నువ్వు మర్చినవు. అది మర్వది.

మా అమ్మ లెక్కనే ఉంది, అని నవ్విండు.

పానా పట్టుకొని కిందికి పోయిన.
ఎల్లెలుకల పండుకుంటే యాదికొచ్చింది:
మా టైమ్ షీటుకు గంటలే తెలుసు.
జనవరి గంట, ఆగస్టు గంట,
రెంటికీ ఒకటే గీత.
ఈ చిప్పుల లెక్క రాసినోడు ఎవడో గాని
ఎండకు వేరే ధర కట్టిండు.
సరే. అది నూనెకు.

పోయిన నెల సంగతి ఎవ్వలకు చెప్పలే.
అది ఇంకో బండి, తెల్లది.
గంగామోహన్, పనికొచ్చి ఇరవై రోజులు,
తాళం తిప్పి, ఇంజన్ లేపకుండ
ఎక్సిలేటరు మూడుసార్లు తొక్కిండు.
ఐదు పోయి నూరైంది.
బోల్టు ఇప్పలే, చుక్క మారలే,
తెర మాత్రం పుట్టినరోజు చేసుకుంది.
ఉస్తాద్, బండి బాగైంది, అన్నడు పోరడు.
నిజంగనే అనుకున్నడు.
బిల్లు రాసుడైంది, ఓనరు తాళాలకు చెయ్యి సాపిండు.
ఎందుకో డిప్ స్టిక్ గుంజి
టిష్యూ మీద తుడిచిన.
కాటుక.
మాడిన పోపు వాసన.
పది నిమిషాలు సార్, అన్న.
ఆ పది, నలభై అయినయ్.
పోరన్ని తిట్టలే,
టిష్యూ మడిచి వాని జేబుల వెట్టిన.

ఇప్పుడు హుమైద్ బండి నూనె ట్రేలకు దిగుతంది,
మొదలు తాడు లెక్క, తర్వాత దారం లెక్క.
గాలి ఫిల్టరు ఇప్పి దులిపితే చారెడు ఇసుక,
జూన్ తుఫాను ఇంకా అండ్లనే ఉంది.
దాని లెక్క మీటరు కాడ లేదు.
అది ఎనిమిది అన్నది గాని
నా వేళ్ల నడుమ రుద్ది సూస్తే రెండే.

ఉస్తాద్, తొక్కాల్నా?
పైనుంచి గంగామోహన్ అడుగుతండు,
కాలు పెడల్ మీద వెట్టుకొని.
ఆగు బిడ్డా.
ఇంకో చుక్క వేలాడుతంది.