అర మార్కు

సిరొంచలో జిల్లా పరిషత్ బడి, ఏడో తరగతి.
మరాఠీలో పాఠాలు, తెలుగులో తిట్లు,
మధ్యాహ్నం ఖిచిడీ తిన్నాక ఇంగ్లీషు.
కళ్లు మూతలు పడే వేళ.
అందుకే క్రియల్ని గొంతెత్తి చెప్పిస్తాను.

వాక్, వాక్డ్, వాక్డ్.
కుక్, కుక్డ్, కుక్డ్.
ఒక్క తోక తగిలిస్తే చాలు
ఇవాళ కాస్తా నిన్న అయిపోతుంది.

తోక ఒకటే, పలకడం మూడు రకాలు పిల్లలూ.
వాక్ పక్కన 'ట్' అనాలి,
కాల్ పక్కన 'డ్' అనాలి,
వెయిట్, వాంట్, నీడ్ వచ్చినప్పుడు మాత్రం
నోరు ఇంకోసారి తెరవాలి:
వెయిటెడ్, వాంటెడ్, నీడెడ్.
చివర ట, డ లు ఉన్నందుకే, వేరే కారణమేమీ లేదు
అని చెప్పి బోర్డు తుడవడానికి తిరిగాను.
ఎదురుచూపుకీ కోరికకీ అవసరానికీ
ఒక ఊపిరి ఎక్కువ పడుతుందని
నలభై మూడేళ్ల నా చెవులు
ఆ మధ్యాహ్నమే విన్నాయి.

మరాఠీలో నేను 'గేలే' అనాలి, గురూజీ 'గేలో' అనాలి.
తెలుగులో ఆ గొడవ లేదు గానీ
అమ్మ దాటింది, మేక దాటింది, నావ దాటింది,
ఫారెస్టు సారు మాత్రం దాటారు.
ఇంగ్లీషులో?
అందరూ క్రాస్డ్. అంతే.

"మా నాయిన నావ లెక్కనే బాయి!
మనిషికి పది, మేకకు పది,
ఫారెస్టు సారుకు గూడ పదే"
వెనక బెంచీ నుంచి ఓదెలు.
క్లాసంతా నవ్వింది. నిద్ర వదిలింది.

వాడి కోసమే ఆ రోజు
పాఠంలో లేని మాటొకటి బోర్డు మీద రాశాను.
ఫెర్రీ. రేవు దాటించడం.
సొంత వాక్యం రాసుకు రండి.

మర్నాడు ఓదెలు నోటుబుక్కులో
మై ఫాదర్ ఫెర్రీ పీపుల్.

ఎర్ర పెన్ను మూత తీశాను.
తీసి, ఆగాను.
వర్తమానమైతే వై కొట్టేసి ఐ-ఈ-ఎస్.
భూతమైతే వై కొట్టేసి ఐ-ఈ-డీ.
ఎటు చూసినా వై పోవాల్సిందే,
ఖాయమైంది అదొక్కటే.

ప్రాణహిత మీద వంతెన పడ్డాక
పోచన్న నావ ఒడ్డున బోర్లా పడుంది.
దాని కింద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి,
పిల్లలు వెళ్లి ఏరుకొస్తారు.
పోచన్న మిరప కల్లాల్లో బస్తాలు మోస్తున్నాడు,
సాయంత్రం దగ్గుకుంటూ ఇంటికి చేరతాడు.
తెడ్డు మాత్రం చూరులోనే ఉంది,
నూనె రాసి, గోనె చుట్టి.

"ఒరే, మీ నాయిన ఇప్పుడు నావ నడుపుతాడా?"
"నడుపుతడు బాయి."
"ఎప్పుడురా?"
"వంతెన మీదికి నీళ్లొస్తే."

నడుపుతడు.
రోజూ చేసేదానికీ రేపు చేయబోయేదానికీ
మాకు ఒకటే మాట.
అలవాటూ, ఇచ్చిన మాటా
ఒకే గుడిసెలో కాపురముంటాయి.
గడప దిగుతూ మావాళ్లు 'వస్తా' అంటారు,
పోతున్నారని చంటిపిల్లకైనా తెలుసు.
నాతోనూ ఒకడు అన్నాడు. అది వేరే పాఠం.

ఇంగ్లీషు అలా ఊరుకోదు.
విల్ పెడతావా, ఎస్ పెడతావా,
లేకపోతే ఈ-డీ పెట్టి చేతులు దులుపుకుంటావా,
తేల్చు అని కూర్చుంటుంది
అప్పులవాడిలా అరుగు మీద.

వై ఒక్కటి కొట్టేశాను.
పైన ఐ రాశాను.
దాని పక్కన ఖాళీ వదిలేసి
అర మార్కు వేశాను.

నోటుబుక్కు తీసుకుని ఓదెలు కదల్లేదు.
కిటికీలోంచి చూస్తే ఏటి మీద ఎండ,
వంతెన మీద ఇసుక లారీలు,
మబ్బు జాడ ఎక్కడా లేదు.

"ఇంకో అర, బాయి?"

"ఇస్తా" అన్నాను.