ఉరుకుందమ్మ పక్కన గుమ్మెట

ఆదోని జిన్నింగు మిల్లులో దూది ఎగురుతుంటే
ముక్కుకు కొంగు కట్టుకొని పాడేది ఉరుకుందమ్మ.
మిషను రొదకు పైన ఒక మెట్టు ఎత్తకపోతే
పక్కామెకు గూడా ఇనపడదు.
ఆ మెట్టు ఇంగ ముప్పై ఏండ్లు దిగలేదు.

నాకు అదే తంటా.
ఆమె ఎత్తుకుంటే నా గుమ్మెట కిందనే మిగిలేది.
జొన్నసొప్ప మంటేసి తోలు కాపేవాన్ని
కణకణమనేదాకా.
సొప్ప దొరకని ఊర్లో
టీ అంగడి స్టవ్వు దగ్గర బతిమాలేవాన్ని.

కోసిగి, హొళగుంద, ఆలూరు.
లారీ మింద ఎర్రగడ్డల మూటల నడుమ
ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకున్నారని
జనం ఏమేమో అన్నారు.
దుప్పటి గుమ్మెటకు కప్పినాం.
మేం వణికినాం.

కడప రేడియోలో పరీక్ష.
గాజు అవతల సారు
"నీల్లు కాదమ్మా, నీళ్లు అను" అన్నాడు.
"మీ నీళ్లు కొళాయిలో వస్తాయి సార్.
మా నీల్లు మూడు మైళ్లు నడిచి వస్తాయి,
నడిచి నడిచి అరిగినాయి" అనింది.
సారు నవ్వినాడు. ఎర్రలైటు వెలిగింది.
నూటిరవై రూపాయల చెక్కు
బ్యాంకిలో ఖాతా లేక
దేవుని పటం ఎనకనే మురిగిపోయింది.

కర్నూలు క్యాసెట్ల సేటు
అట్ట మింద ఎవరో తెల్లపిల్ల బొమ్మ ఏసినాడు.
పదకొండు క్యాసెట్లు.
శెనక్కాయల కాలమొస్తే ప్రతి ట్రాక్టరులో ఆమె గొంతు.
పత్తికొండ సంతలో ఒకడు
ఆమె పాట ఆమెకే చూపించి
"కొత్త సరుకు, తీసుకో పెద్దమ్మా" అన్నాడు.
గీసి గీసి బేరమాడింది.
రెండ్రూపాయలు తగ్గించినాక కొనింది.

ఏ ఈరన్న ఊరి పేరు ఆమెకు పెట్టినారో
ఆ ఈరన్న కాడనే, శ్రావణ సోమవారం,
చరణం నడుమ గొంతు తెగింది.
దూది, అన్నాడు తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు,
ఊపిరితిత్తుల్లో, ఎప్పటిదో.
ఆ రాత్రి జనం లేచిపోలేదు.
మిగిలిన చరణం వాళ్లే పాడినారు,
తప్పులు తప్పులుగా.
నువ్వు ఆపొద్దని
నాకు వేలితో చెప్పింది.

ఇప్పుడు మిల్లు గేటుకు తాళం.
పొద్దుగూకినాక వాళ్ల గడప కాడ కూర్చుంటాం.
పాడతాది గానీ మాట్లాడినట్లే, నేలమట్టంగా.
నా గుమ్మెట పైన మిగిలిపోతాంది.
అందుకే చెంబు పక్కన పెట్టుకుంటా.
తోలు మింద రెండు చుక్కలు నీల్లు చల్లి
దించుతా, ఆమె దాకా.

"ఇంగొంచెం" అంటాది.