నివురు

వంద కణాల్లో నాలుగు.
కాగితం మీద నాలుగంటే తగ్గినట్టే.
క్లిక్కర్ నొక్కుతూ రెండుసార్లు లెక్కపెట్టాను,
మూడోసారి కిటికీ మూసి.
కేజీహెచ్ కొండవాలుకి సాయంత్రం సముద్రం ఎక్కివస్తుంది,
బల్ల మీది కాగితాలు నిలవవు.

ఈ మజ్జ బొడ్డేటి పైడినాయుడిది.
ఉక్కు ఫ్యాక్టరీ, బ్లాస్ట్ ఫర్నేసు, ఇరవై ఆరేళ్లు.
పండని తెల్లకణాల్ని మేమూ బ్లాస్టులే అంటామని చెబితే
చిగుళ్లలో నెత్తురుతో నవ్వాడు మొదటిసారి:
"అయితే మా డిపార్ట్‌మెంటేనమ్మా."

ఇవాళ తుంటి మీద దూది నొక్కుకుని అడిగాడు:
"ఇంత మందు పోసినారు గదా,
మళ్లీ ఎలాగొస్తాదంటారు?"

పరిగెత్తేవాటినే మందు పట్టుకుంటుంది,
పడుకున్నవాటిని దాటిపోతుంది అన్నాను.

కాసేపు గోడవైపు చూశాడు.
"ఓపాలి బొగ్గు రాలేదు.
ఫర్నేసు ఆర్పకూడదు, ఆరితే కడుపులోది రాయైపోద్ది.
కోకు నింపీసి, గాలి గొట్టాలకి మట్టి మెత్తీసి వదిలీసినాం.
పైనుంచి సూస్తే సచ్చిపోనట్టే.
నలభై రోజులు.
గాలి ఊదగానే లేచింది."

నేను చెప్పలేదు ఆయనకి
ఆ మట్టి మెత్తే చేతులు ఎవరివో.
దొంగ జన్యువులు కావవి.
తల్లి కడుపులో ఆయనకి
ఇక్కడ మెడ, ఇక్కడ నడుము అని వరస చెప్పినవే.
పనయ్యాక నోరు మూసుకోవలసినవి.
ఎక్కడో ఒక క్రోమోజోము తెగి,
తెగిన ముక్క పరాయిదానికి అతుక్కుని,
అవి మళ్లీ మాట్లాడుతున్నాయి:
నువ్వింకా ఎదగనక్కర్లేదు,
ఏమీ కానక్కర్లేదు,
నీలాంటిదాన్ని ఒకదాన్ని మిగుల్చు, పడుకో.

జోకొట్టే గొంతు.
పద్నాలుగేళ్లుగా స్లైడులు చూస్తున్నాను,
నాకు భయం వేసేది అందుకే.

రిపోర్టులో రాశాను: బ్లాస్టులు నాలుగు శాతం.
నిద్రపోతున్నవాటికి అందులో గడి లేదు.

"నివురు కింద నిప్పునే చంపే మందుందా?"

వెతుకుతున్నారు అన్నాను.

"ఎవరు?"

చాలామంది. చాలా ఊళ్లలో.
రాత్రిళ్లు కూడా దీపాలు వేసుకుని.

"నైట్ షిఫ్టన్నమాట,"
అని తలూపాడు, తెలిసిన పనే అన్నట్టు.
చొక్కా గుండీలు పెట్టుకుని
కూర్మన్నపాలెం బస్సు దొరుకుతుందో లేదో అనుకుంటూ
మెట్లు దిగాడు, ఒక్కొక్కటే.